చిన్న ద్వీప దేశంలో మహమ్మారి మొదటి వారాల కేసులు: ధోరణిని ఎలా కనిపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పబ్లిక్ హెల్త్ కోర్సు ప్రాజెక్టు కోసం మారిషస్‌లో 2020 మార్చి, ఏప్రిల్ నెలల కరోనా లెక్కలు తీసుకున్నారు. డబ్లింగ్ టైమ్ (కేసులు రెట్టింపు కావడానికి పట్టే కాలం) కడితే ఒక రోజు "రెండు రోజులు" అని, మర్నాడు "తొమ్మిది రోజులు" అని వస్తోంది. మీ గైడ్ ఏమో ధోరణి ఒక్క వాక్యంలో చెప్పమంటున్నారు. రోజుకి గుప్పెడు కేసులు కూడా లేని చోట ధోరణి ఎలా కనిపెట్టాలి, ఇదే పద్ధతి మన జిల్లాలకి పనికొస్తుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మొత్తం కేసుల గీతని కాసేపు పక్కన పెట్టండి. ప్రతి కేసునీ "ఇది ఎక్కడి నుంచి వచ్చింది" అని అడిగి మూడు గడుల్లో వేయండి. బయటి దేశంలో అంటించుకుని వచ్చినవాళ్లు ఒక గడి. తెలిసిన రోగికి కాంటాక్టులుగా ముందే క్వారంటైన్‌లో ఉండి పాజిటివ్ అయినవాళ్లు రెండో గడి. ఎవరి నుంచి సోకిందో తెలియనివాళ్లు మూడో గడి. చిన్న ద్వీపంలో మొదటి వారాల ధోరణి అంటే ఆ మూడో గడిలో వారానికి ఎంతమంది చేరుతున్నారన్నదే. దాని పక్కన ఎన్ని పరీక్షలు చేశారన్నది రాసుకోండి. డబ్లింగ్ టైమ్‌తో అప్పటికి పని లేదు.

నేను అంటువ్యాధుల నిఘాలో చాలా ఏళ్లుగా ఉన్నాను. కరోనా మొదటి ఏడాది ఒక జిల్లా లైన్ లిస్ట్ (ప్రతి రోగికీ ఒక వరస చొప్పున రాసే జాబితా) బాధ్యత చూశాను. ద్వీప దేశాల లెక్కలు నేను ప్రత్యేకంగా చదవడానికి కారణం ఉంది. అక్కడికి రోగం విమానాశ్రయం నుంచో రేవు నుంచో రావాలి, మరో దారి లేదు. కాబట్టి ఒకరి నుంచి ఒకరికి సోకే గొలుసు మొదటి కొస ఎక్కడుందో కనిపిస్తుంది. మన దగ్గర ఆ కొస దొరికేలోపే నాలుగు జిల్లాలు దాటిపోతుంది.

ముందు డబ్లింగ్ టైమ్ సంగతి, ఎందుకంటే మీ టెన్షన్ అంతా దాని గురించే. రోజుకి సగటున నాలుగు కేసులు వచ్చే ఊరు ఉందనుకోండి. అక్కడ ఏమీ మారకపోయినా ఒక రోజు 1 రావచ్చు, ఇంకో రోజు 8 రావచ్చు. అది వట్టి యాదృచ్ఛికం. ఆ రెండు రోజులు పక్కపక్కన పడితే టీవీలో "ఒక్క రోజులో ఎనిమిది రెట్లు" అని చెప్తారు. వారం మొత్తం కలిపి చూసినా ఇబ్బంది పూర్తిగా పోదు. ఒక వారం 10, తర్వాతి వారం 20 వచ్చాయనుకుందాం. రెట్టింపు అయినట్టే కనిపిస్తుంది. కానీ అంత చిన్న అంకెలతో 95 శాతం నమ్మకపు పరిధి కడితే అసలు నిష్పత్తి 0.9 నుంచి 4.3 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే "అస్సలు పెరగడం లేదు" అన్నా ఆ లెక్క కాదనదు, "మూడున్నర రోజులకోసారి రెట్టింపు" అన్నా కాదనదు. అదే 100 నుంచి 200కి పెరిగితే పరిధి 1.6 నుంచి 2.5కి తగ్గుతుంది, అప్పుడు డబ్లింగ్ టైమ్ గురించి మాట్లాడొచ్చు. మీ ఫైల్లో తొలి పది రోజుల్లో ఆ స్థాయి అంకెలు లేవు. మీకు వస్తున్న రెండూ, తొమ్మిదీ ఆ మసక నుంచి పుట్టినవే.

పైగా ఈ పరిధి ప్రతి కేసూ దేనికది విడిగా వచ్చిందని అనుకుని కట్టింది. కరోనా అలా రాదు. సోకినవాళ్లలో చాలామంది ఇంకెవరికీ అంటించరు, ఓ పది ఇరవై శాతం మంది నుంచే ఎనభై శాతం దాకా కొత్త కేసులు పుడతాయని అప్పటి అధ్యయనాలు అంచనా వేశాయి. ఒక ఇంట్లో ఐదుగురు ఒకే రోజు పాజిటివ్ వస్తే మీ గీతలో అది ఐదు మెట్లు. నిజానికి జరిగిన సంఘటన ఒక్కటే. అందుకని నేను ఎప్పుడూ కేసుల సంఖ్య పక్కన గొలుసుల సంఖ్య రాస్తాను. ఈ వారం 14 కేసులు, 3 గొలుసులు అని. గొలుసులు మూడు నుంచి ఏడుకి పెరిగితే భయపడాలి. కేసులు 14 నుంచి 25 అయినా గొలుసులు మూడే ఉంటే, ట్రేసింగ్ బృందం, అంటే రోగుల కాంటాక్టులని వెతికే బృందం, పని బాగా చేస్తోందని అర్థం.

ఇప్పుడు మూడో గడి ఎందుకంత ముఖ్యమో మాల్దీవుల లెక్క చూస్తే తెలుస్తుంది. నా దృష్టిలో ఈ పాఠానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మాల్దీవుల్లో మొదటి రెండు కేసులు 2020 మార్చి 7న కురెదు అనే రిసార్ట్ దీవిలో బయటపడ్డాయి. ఇద్దరూ అక్కడ పనిచేసే విదేశీయులు. అక్కడ సెలవులు గడిపి ఇటలీకి తిరిగెళ్లిన ఒక పర్యాటకుడికి పాజిటివ్ రావడంతో ఆ రిసార్ట్‌లో పరీక్షలు చేశారు. ఆ తర్వాత ఐదు వారాల పాటు గీత దాదాపు నేలని అంటిపెట్టుకునే ఉంది. వచ్చిన కొద్ది కేసులూ రిసార్ట్‌ల నుంచి, పర్యాటకుల పడవల నుంచి, విదేశాల నుంచి వచ్చి క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల నుంచి వచ్చాయి. మొత్తం గీత ఒక్కటే చూసేవాళ్లు అంతా అదుపులో ఉందనే అంటారు. ఏప్రిల్ 15న రాజధాని మాలేలో, నగరం లోపల, మొదటి కేసు తేలింది. మూడో గడిలో పడిన కేసు అది. వెంటనే మాలే ప్రాంతాన్ని లాక్‌డౌన్ చేశారు. అయినా ఏప్రిల్ నెలాఖరుకి కేసులు వందల్లోకి వెళ్లాయి, మే నెల మధ్యకి వెయ్యి దాటాయి. వలస కార్మికులు ఇరుకు గదుల్లో వంతులవారీగా పడుకునే ఇళ్లలో అది ఎక్కువగా పాకింది. రెండు చదరపు కిలోమీటర్లకి అటూఇటూగా ఉండే దీవి అది, ప్రపంచంలో అత్యంత కిక్కిరిసిన నగరాల్లో ఒకటి.

ఏప్రిల్ 14 సాయంత్రం మొత్తం గీతని చూసి ఆ ప్రమాదాన్ని ఎవరూ చెప్పలేరు. ఏప్రిల్ 15 నాటి ఒక్క కేసు, గీతలో ఒక చిన్న మెట్టు, అప్పటిదాకా వచ్చిన అన్ని కేసుల కంటే ఎక్కువ చెప్పింది. ఎవరి నుంచి సోకిందో తెలియని ఒక్క మనిషి కనిపించాడంటే, అతనికి అంటించిన మనిషి ఒకరు మీ లిస్ట్‌లో లేరు. ఆ మనిషికి అంటించినవాళ్లు కూడా లేకపోవచ్చు. మధ్యలో రెండు మూడు తరాల గొలుసు దాక్కుని ఉంటుంది. కరోనాలో లక్షణాలు రావడానికి సగటున ఐదు రోజులు, పరీక్ష చేయించుకుని ఫలితం రావడానికి ఇంకొన్ని రోజులు. కాబట్టి ఈ రోజు మీరు చూసే మొదటి తెలియని కేసు పది రోజుల కిందటి వార్త.

ఇక్కడ ఒక జాగ్రత్త. "సోర్స్ తెలియదు" వేరు, "ఇంకా విచారణలో ఉంది" వేరు. చాలా బులెటిన్లు ఈ రెంటినీ కలిపేస్తాయి. మా జిల్లాలో మొదటి రోజు "తెలియదు" అని రాసినవాటిలో చాలావరకు రెండో మూడో సంభాషణలో తేలిపోయేవి. ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే ఎక్కడికీ వెళ్లలేదన్న మనిషి, తెలిసిన ఆశా కార్యకర్త గుమ్మం దగ్గర నిలబడి అడిగితే బంధువుల ఇంట్లో ఫంక్షన్‌కి వెళ్లొచ్చానని చెప్పేవాడు. అందుకే నాలుగో గడి ఒకటి తాత్కాలికంగా పెట్టుకోండి. నాలుగైదు రోజులు గడిచినా అందులోంచి కదలని కేసుని మూడో గడిలోకి మార్చండి. ఆ నాలుగో గడి రోజురోజుకీ ఉబ్బుతోందంటే ట్రేసింగ్ బృందానికి ఊపిరాడటం లేదని అర్థం. నా అనుభవంలో కేసుల గీత కంటే ముందే ప్రమాదం చెప్పేది ఈ ఉబ్బే.

పర్యాటకం మీద బతికే ద్వీపాలకి ఇంకో వింత ఉంది. మొదటి హెచ్చరిక సొంత లిస్ట్‌లో కాకుండా వేరే దేశం లిస్ట్‌లో వస్తుంది. కురెదు విషయంలో ఇటలీలో తేలిన కేసే గంట మోగించింది. దీనికి తిరగేసిన కథ ఐస్‌లాండ్‌ది. ఫిబ్రవరి చివర్లో ఆస్ట్రియాలోని ఇష్గల్ అనే స్కీయింగ్ ఊరి నుంచి తిరిగొచ్చిన తన పౌరుల్లో వరసగా పాజిటివ్‌లు రావడంతో, మార్చి 5న ఐస్‌లాండ్ ఆ ఊరిని ప్రమాద ప్రాంతంగా ప్రకటించింది. అప్పటికి ఆస్ట్రియా అధికారులు అక్కడ అంత సమస్య ఉందని ఒప్పుకోలేదు. మూడున్నర లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశం యూరప్‌కి ముందు మాట చెప్పింది. అందుకని మారిషస్ ఫైల్ చేస్తున్నప్పుడు మారిషస్ బులెటిన్లతో ఆగిపోకండి. ఆ వారాల్లో మారిషస్ నుంచి ఇంటికెళ్లి పాజిటివ్ అయినవాళ్లు ఇతర దేశాల ప్రకటనల్లో ఎవరైనా ఉన్నారేమో వెతకండి. అలాంటి ఒక్క కేసు దొరికినా, అది ద్వీపం లోపల కనిపించని గొలుసుకి ఆధారం.

ఐస్‌లాండ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పరీక్షల గురించి నేర్చుకోవాల్సింది అంతా అక్కడే ఉంది. మొదటి కేసు 2020 ఫిబ్రవరి 28న. దేశం లోపలే సోకిన మొదటి కేసులు మార్చి 6న. మార్చి 13 నుంచి డీకోడ్ జెనెటిక్స్ అనే సంస్థ, లక్షణాలు లేనివాళ్లతో సహా, రాదలచుకున్న ఎవరికైనా పరీక్ష చేయడం మొదలుపెట్టింది. ఆసుపత్రి వైపు నుంచి ప్రమాదం ఎక్కువున్న వాళ్లకి విడిగా పరీక్షలు నడుస్తూనే ఉన్నాయి. ఏప్రిల్ 4 వరకు ఫలితాలు ఇలా ఉన్నాయి: లక్షణాలు, ప్రయాణం, కాంటాక్ట్ చూసి పిలిచిన 9,199 మందిలో 13.3 శాతం పాజిటివ్. తమంతట తాము వచ్చిన 10,797 మందిలో 0.8 శాతం. లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి పిలిచిన 2,283 మందిలో 0.6 శాతం.

ఒకే దేశం, ఒకే నెల, పాజిటివిటీ మాత్రం 13.3 కూడా నిజమే, 0.6 కూడా నిజమే. ఎవరిని పరీక్షించామన్నదాన్ని బట్టి ఇరవై రెట్లకి పైగా తేడా. కాబట్టి బులెటిన్‌లో "పాజిటివిటీ 5 శాతం" అని కనిపిస్తే, ఎవరి ముక్కులోంచి తీసిన శాంపిల్స్ అవి అని ముందు అడగండి. పరీక్షల నియమం మారిన తేదీలన్నీ మీ గ్రాఫ్‌లో నిలువు గీతలుగా గీయండి. ఒక నియమం కింద వచ్చిన అంకెని ఇంకో నియమం కింద వచ్చిన అంకెతో కలిపి ధోరణి గీయకూడదు. లాక్‌డౌన్ తేదీ గీయని గ్రాఫ్‌ని నేను క్షమిస్తాను గానీ, పరీక్షల నియమం మారిన తేదీ లేని గ్రాఫ్‌ని నమ్మను.

ఈ ఐస్‌లాండ్ ఫలితాలు ఇచ్చిన అధ్యయనంలోనే ఇంకో అంశం నా మూడు గడుల లెక్కకి నేరుగా బలం. మొదట్లో, మార్చి మధ్య వరకు, ప్రమాదం ఉన్నవాళ్లలో పాజిటివ్ వచ్చినవారిలో మూడింట రెండొంతుల మందికి ఇటీవలి విదేశీ ప్రయాణం ఉంది. తర్వాతి దశలో అది ఆరింట ఒక వంతు ప్రాంతానికి పడిపోయింది. కేసుల మొత్తం ఒక్కటే చూస్తే పెరుగుతోందని తెలుస్తుంది. గడులు చూస్తే రోగం దిగుమతి నుంచి స్థానికానికి మారిన మలుపు తెలుస్తుంది. వైరస్ జన్యుక్రమాలు చూసినప్పుడు ఇంకొకటి తేలింది. అధికారులు మొదట ఇటలీ, ఆస్ట్రియాల నుంచి వచ్చేవాళ్ల మీద దృష్టి పెట్టారు, వాళ్లలో ఆ దేశాల వైరస్ వంశాలే కనిపించాయి. జనసామాన్యంలో చేసిన పరీక్షల్లో మాత్రం బ్రిటన్ వైపు నుంచి వచ్చినవి కూడా బయటపడ్డాయి. అప్పట్లో బ్రిటన్ ప్రమాద జాబితాలో లేదు. చీకట్లో టార్చి ఎటు వేస్తే అటే కనిపిస్తుంది. మీ మొదటి గడిలో "ఏ దేశం నుంచి" అనే కాలమ్ చూసి వైరస్ ఆ దేశాల నుంచే వచ్చిందని తేల్చేయకండి. ఆ దేశాల నుంచి వచ్చినవాళ్లనే పరీక్షించి ఉండొచ్చు.

ఐస్‌లాండ్ బులెటిన్‌లో నాకు నచ్చిన అంకె మరొకటి ఉంది. కొత్త పాజిటివ్‌లలో ఎంతమంది అప్పటికే క్వారంటైన్‌లో ఉన్నారో రోజూ చెప్పేవారు. మొదటి వేవ్ మొత్తం మీద అది సగం ప్రాంతం. ఈ శాతం పెరుగుతుంటే ట్రేసింగ్ వైరస్ కంటే ముందుందని, తగ్గుతుంటే వెనకబడుతోందని నేను చదువుతాను. చాలా దేశాలు ఈ అంకెని అసలు ఇవ్వలేదు. మారిషస్ రోజువారీ ప్రెస్ మీట్లలో కొత్త కేసులు కాంటాక్ట్ ట్రేసింగ్‌లో దొరికాయా, క్వారంటైన్ కేంద్రాల్లో దొరికాయా అన్నది మాటల్లో చెప్పిన రోజులున్నాయి. ఆ మాటలని ఓపికగా పట్టికలోకి ఎక్కించుకోవాలి. విసుగు పుట్టించే పని, కానీ మీ ప్రాజెక్టులో విలువైన భాగం అదే అవుతుంది.

తేదీల గురించి తక్కువలో చెప్తాను. లక్షణాలు మొదలైన తేదీ, శాంపిల్ తీసిన తేదీ, ప్రకటించిన తేదీ మూడూ వేరు. మొదటిది దొరికితే దానితోనే గ్రాఫ్ గీయండి, లేకపోతే శాంపిల్ తేదీ, అదీ లేకపోతేనే ప్రకటన తేదీ. ప్రకటన తేదీతో గీసిన గ్రాఫ్‌లో ల్యాబ్ ఇబ్బందులు రోగంలా కనిపిస్తాయి. మాకు కిట్లు అయిపోయి రెండు రోజులు శాంపిల్స్ ఆగి, మూడో రోజు అన్నీ కలిసి రిపోర్ట్ అయినప్పుడు పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి, ఒక్కసారిగా ఎందుకు పెరిగాయని. శాంపిల్ తేదీతో గీసి పంపాక ఆ పెరుగుదల గ్రాఫ్‌లో కనిపించనే లేదు. ద్వీపాల్లో ఇది ఇంకా తీవ్రం. పసిఫిక్‌లో సమోవా లాంటి చిన్న దేశాలు మొదట్లో శాంపిల్స్‌ని న్యూజిలాండ్‌కి విమానంలో పంపి ఫలితం కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. అలాంటి చోట "ఈ వారం కేసులు లేవు" అన్న మాటకి "ఈ వారం ఫలితాలు రాలేదు" అన్న అర్థం కూడా ఉండొచ్చు. ఇంకొకటి, లక్షణాల తేదీతో గీసినప్పుడు చివరి ఐదారు రోజులు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ రోజుల్లో జబ్బుపడినవాళ్లు ఇంకా పరీక్షకి రాలేదు. ఆ భాగాన్ని బూడిద రంగులో వేసి, దాన్ని చూసి తగ్గుతోందని రాయకండి.

ఇక మీ మారిషస్‌కి వద్దాం. సుమారు 12.7 లక్షల జనాభా. మార్చి 18న మొదటి మూడు కేసులు ప్రకటించారు, మూడూ బయటి నుంచి వచ్చినవే. మర్నాడు సరిహద్దులు మూశారు, మార్చి 20 నుంచి దేశమంతా ఇళ్లకే పరిమితం, ఆ తర్వాత కర్ఫ్యూ. మార్చి 25 నుంచి సూపర్‌మార్కెట్లు, బేకరీలు కూడా మూసేశారు. ఆ ఏడాది సరిగ్గా ఆ రోజే ఉగాది. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు, కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన మన తెలుగువాళ్ల వారసులు ఊరూరా కలిసి జరుపుకునే పండగ. ఆ రోజు గుళ్లూ సభలూ లేవు. ఏప్రిల్ 2న దుకాణాలు తెరిచినప్పుడు ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి వారంలో రెండు రోజులు కేటాయించారు. ఇవన్నీ మీ గ్రాఫ్‌లో గీతలుగా రావాలి, ఎందుకంటే ఇవి ఎవరు ఎవరిని కలిశారన్నదాన్ని మార్చిన రోజులు.

లాక్‌డౌన్ మార్చి 20న మొదలైనా రోజువారీ కేసులు ఏప్రిల్ మొదటి పదిరోజుల్లో కూడా ఎక్కువగానే ఉన్నాయి. చాలామంది విద్యార్థులు దీన్ని చూసి లాక్‌డౌన్ పనిచేయలేదని రాస్తారు. అలా రాయకండి. ముందే సోకినవాళ్లు బయటపడటానికి పదీ పన్నెండు రోజులు పడుతుంది. ఆపైన తలుపులు మూసుకున్న ఇళ్లలో ఒకరి నుంచి మిగతావాళ్లకి సోకి, రెండో గడి నిండుతుంది. మూడో గడి అప్పటికే తగ్గుముఖం పట్టి ఉంటుంది. మొత్తం గీతలో శిఖరం వచ్చేది మలుపు తిరిగిన తర్వాతే. మీ గైడ్ అడిగిన ఒక్క వాక్యం ఇక్కడే ఉంది: తెలియని సోర్స్ కేసుల వారపు సంఖ్య ఏ వారంలో శిఖరానికి చేరి తగ్గడం మొదలుపెట్టిందో కనిపెట్టి, దాన్నే మలుపుగా రాయండి.

ఏప్రిల్ 26 తర్వాత కొత్త స్థానిక కేసులు రాలేదు. మొత్తం 332, మరణాలు 10. మే 11 నాటికి చికిత్సలో ఉన్నవాళ్లు సున్నా. ఈ సున్నాని గొలుసు తెగినదానికి గుర్తుగా వాడకండి. చికిత్సలో ఎవరూ లేరన్నది ఆసుపత్రుల లెక్క. గొలుసు తెగిందని చెప్పాలంటే చివరి స్థానిక కేసు నుంచి కనీసం రెండు పూర్తి ఇంక్యుబేషన్ కాలాలు (సోకినప్పటి నుంచి లక్షణాలు రావడానికి పట్టే కాలం, సగటు కాదు, గరిష్ఠంగా 14 రోజులు), అంటే 28 రోజులు, అదీ పరీక్షలు తగ్గించకుండా, గడవాలి. ఏప్రిల్ 26 నుంచి లెక్కిస్తే మే 24. ఆ సమయంలోనే స్వదేశానికి తిరిగి తీసుకొచ్చిన ప్రయాణికుల్లో కొత్త పాజిటివ్‌లు వచ్చాయి, క్వారంటైన్‌లోనే దొరికాయి. మొత్తం గీతలో అది మళ్లీ మొదలైనట్టు కనిపిస్తుంది. గడుల పట్టికలో మొదటి గడిలో ఒకటి రెండు, మూడో గడిలో సున్నా, అంతే. ఆ తర్వాత 2021 మార్చిలో స్థానికంగా కేసులు తేలినప్పుడు మాత్రం వెంటనే మార్చి 10న మళ్లీ దేశాన్ని మూశారు. మారిషస్‌లోనే భాగమైన రోడ్రిగ్స్ దీవిని విడిగా పెట్టండి. మొదటి వేవ్‌లో అక్కడ కేసులే లేవు, దాని జనాభాని భాగహారంలో కలపడం తప్పు.

చివరికి మరణాల శాతం. మీరు అడగలేదు గానీ ప్రాజెక్టులో తప్పకుండా ఇరుక్కుంటారు. ఐస్‌లాండ్ మొదటి వేవ్‌లో 1,800 ప్రాంతం కేసులు, 10 మరణాలు. మారిషస్‌లో 332 కేసులు, అవే 10 మరణాలు. భాగిస్తే ఒక చోట 0.56 శాతం, ఇంకో చోట 3 శాతం. మారిషస్‌లో వైద్యం ఐదు రెట్లు నాసిరకం అని ఎవరైనా రాస్తే, దయచేసి ఆపండి. ఐస్‌లాండ్ తన తేలికపాటి కేసుల్ని కూడా వెతికి పట్టుకుంది. అయినా తర్వాత 30 వేల మందికి పైగా రక్తంలో యాంటీబాడీలు చూస్తే, దేశంలో సోకినవాళ్లు 0.9 శాతం అని, వాళ్లలో 56 శాతం మందే పీసీఆర్‌లో దొరికారని తేలింది. సరిచూసుకోండి: 3.64 లక్షల్లో 0.9 శాతం అంటే సుమారు 3,280. అందులో 56 శాతం 1,800 చిల్లర. లెక్క కుదురుతుంది. అంత పరీక్షించిన దేశానికే సగానికి దగ్గరగా తప్పిపోయారు. సోకినవాళ్లలో మరణాలు 0.3 శాతం అని వాళ్ల అంచనా.

ఆ 0.3ని తెచ్చి మారిషస్ 10 మరణాల మీద పెట్టి "అసలు 3,300 మందికి సోకింది" అని తేల్చేయాలనిపిస్తుంది. నేనైతే అంత దూరం వెళ్లను. మారిషస్‌లో షుగర్ వ్యాధి చాలా ఎక్కువ, వయసుల పొందిక వేరు. పైగా 10 అనేది చిన్న అంకె, దాని నమ్మకపు పరిధి సుమారు 5 నుంచి 18. అంటే ఆ 3 శాతం కూడా ఒకటిన్నర నుంచి ఐదున్నర మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పరిధితో సహా రాయండి, ఆ పైన వ్యాఖ్య అక్కర్లేదు. పది లక్షల జనాభాకి ఇన్ని కేసులు అనే ర్యాంకుల పట్టికలు కూడా వద్దు. 2020 మార్చిలో ఐస్‌లాండ్ ఆ పట్టికల్లో ప్రపంచంలోనే పైవరసన ఉండేది, ముఖ్యంగా ఎక్కువ వెతికినందుకు.

ఇదంతా మన జిల్లాలకి పనికొస్తుందా అన్నారు. గడులు విడగొట్టడం, గొలుసులు లెక్కపెట్టడం, తేదీల జాగ్రత్త, ఇవి ఎక్కడైనా పనికొస్తాయి. మొదటి గడి మాత్రం మన దగ్గర నిలబడదు. తెలంగాణలో 2020 మార్చి 2న ప్రకటించిన మొదటి కేసు గుర్తుచేసుకోండి. దుబాయ్ నుంచి విమానంలో బెంగళూరు, అక్కడి నుంచి హైదరాబాద్‌కి బస్సు. శంషాబాద్ విమానాశ్రయంలో ఎంత గట్టిగా స్క్రీనింగ్ చేసినా ఆ మనిషి ఆ లిస్ట్‌లోకి రాడు. జిల్లాకి వచ్చేసరికి బస్సులు, రైళ్లు, లారీలు, పక్క జిల్లా సంత, ఇన్ని దారులుంటాయి. కాబట్టి జిల్లా లెక్క చేసేటప్పుడు "విదేశం నుంచి" అన్న గడిని "జిల్లా బయటి నుంచి" అని మార్చి, ఏ ఊరు, ఏ బండి అని రెండు కాలమ్‌లు కలపండి. మూడో గడి జిల్లాలో ఎప్పుడూ సున్నాకి రాదు. అక్కడ సున్నా కోసం చూడకండి, వారం వారం మండలాలవారీగా అది ఏ దిక్కుకి జరుగుతోందో చూడండి.

మీ పట్టిక సిద్ధమయ్యాక, పేర్లు ఫోన్ నంబర్లు తీసేసి, తేదీలూ గడులూ మాత్రం ఉంచి ఇక్కడ పెట్టండి. నాలుగో గడిలో మిగిలిపోయినవి ముందుగా చూసి చెప్తాను.